క్రిస్మస్ కానుకకు కాగితమా, గుడ్డా, సంచీయా?

డిసెంబరు రెండో వారానికల్లా సెమీ క్రిస్మస్ కూడికలు ఊపందుకుంటాయి. సండే స్కూలు పిల్లల బహుమతులు, హాస్టళ్ళలోనూ ఆఫీసుల్లోనూ చీటీలు తీసి పేరు వచ్చిన వారికి ఇచ్చే క్రిస్మస్ ఫ్రెండ్ కానుకలు, పాస్టరుగారి కుటుంబానికి పెట్టే బట్టలు, ఇంట్లో పిల్లలకు కొన్న ఆటవస్తువులు అన్నీ కలిపితే ఒక మోస్తరు కుటుంబంలో కూడా పది పన్నెండు ప్యాకెట్లు కట్టవలసి వస్తుంది. ఈ పనిని ఇంట్లోనే శుభ్రంగా ముగించుకోదలచిన వారికి కాగితం, గుడ్డ, సంచి, మూత పెట్టె అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. అయితే చాలామంది దుకాణంలో మెరుపును చూసి ఎంపిక తేల్చేస్తారు. ఇంటికి తెచ్చాక ఆ మెరిసే కాగితం వస్తువుకు లొంగదు. వస్తువుకు మూలలు ఉన్నాయా లేవా, అది ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్తుందా లేక బస్సెక్కి మరో ఊరు వెళ్తుందా అన్న రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పుకుంటే ఎంపిక సగానికి పైగా పూర్తయినట్టే. రంగు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు పెట్టె గురించి చెప్పాలి. చీర, చొక్కా, పిల్లల గౌను వంటి మెత్తని వస్తువులను నేరుగా కాగితంలో చుడితే, ఎంత నేర్పరి చేసినా ఆ ప్యాకెట్టు నడుమ ఉబ్బి చివర్లలో వాలిపోతుంది. బట్టల దుకాణం వారు పెట్టె ఇస్తే సరే. కవరులో వేసి ఇస్తే మాత్రం, మడిచిన బట్ట కొలతకు సరిపోయే అట్టముక్కను కత్తిరించి దాని కింద పెట్టి, బట్టను అట్టతో సహా ఒకసారి తెల్ల కాగితంలో చుట్టి, ఆ తరువాత గిఫ్ట్ పేపర్ తొడగాలి. ఈ ఒక్క అట్టముక్కతో వచ్చే తీరు ఎంత ఖరీదైన కాగితంతోనూ రాదు. కొరియరులో వచ్చిన అట్టపెట్టెలను నవంబరు నుంచే దాచి ఉంచడం మంచిది. చెప్పుల పెట్టె కూడా పనికొస్తుంది గానీ, అందులో చీర పెట్టి పాస్టరమ్మగారికి ఇచ్చేటట్టయితే పెట్టె మీది చెప్పుల బొమ్మను తెల్ల కాగితంతో పూర్తిగా మూసేయడం మర్యాద.

ఏ కాగితం?

మన స్టేషనరీ దుకాణాల్లో గిఫ్ట్ పేపర్ ఎక్కువగా 50 × 70 సెంటీమీటర్ల షీట్లుగా దొరుకుతుంది. మందాన్ని జీఎస్‌ఎంలో, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కలో చెబుతారు. కానీ విడి షీట్ల మీద ఆ అంకె ఉండదు కనుక, జిరాక్సు కాగితాన్ని కొలతగా పెట్టుకోవచ్చు. జిరాక్సు కాగితం 70 నుంచి 80 జీఎస్‌ఎం ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపి చూసినప్పుడు దాదాపు అంతే మందంగా తోచిన గిఫ్ట్ పేపర్ ఇంటి పనికి సరిగ్గా సరిపోతుంది. అంతకంటే పలుచనిది పెట్టె మూలల దగ్గర చిరుగుతుంది. పైగా లోపలి పెట్టె మీద ఉన్న కంపెనీ పేరును దాచలేక, కానుక ఏమిటో తెరవకముందే చెప్పేస్తుంది. పలుచని కాగితం ఇప్పటికే కొనేసి ఉంటే, పెట్టెకు ముందు ఒక వరుస తెల్ల కాగితం చుట్టి, గిఫ్ట్ పేపర్ మూలలు వచ్చే చోట లోపలి వైపు చిన్న టేపు ముక్క అంటించుకుంటే గట్టెక్కవచ్చు.

మందపాటి కాగితం మీద మోజు పాతదే. కానుకలను పలుచని టిష్యూ పేపర్లో చుట్టే రోజుల్లో, 1917లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ సోదరుల దుకాణంలో టిష్యూ నిల్వ అయిపోయింది. ఉత్తరాల కవర్ల లోపల అంటించడానికి ఫ్రాన్సు నుంచి తెప్పించిన మందపాటి రంగుల కాగితాన్ని వారు షీటు 10 సెంట్ల చొప్పున బల్ల మీద పెడితే అదంతా అమ్ముడుపోయింది. ఆ దుకాణమే నేటి హాల్‌మార్క్ సంస్థ. మడతను నిలుపుకోగల కాగితాన్ని ఒకసారి వాడినవారు మళ్ళీ టిష్యూ వైపు వెళ్ళకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మన పిల్లలకు బాగా నచ్చేది తళుకు కాగితం. బంగారు, వెండి, ఎరుపు రంగుల్లో దీపాల కాంతికి ఇది మెరిసినట్టు మరేదీ మెరవదన్నది నిజమే. కానీ కొత్తగా నేర్చుకునే వారికి దీన్ని నేను సిఫారసు చేయను. ఇది జారుతుంది, పట్టుకున్నచోట వేలిముద్రలు పడతాయి, ఒకసారి తప్పుగా మడిస్తే ఆ గీత చెరగదు. ఇందులో చాలా రకాలకు ప్లాస్టిక్ లేదా లోహపు పూత ఉంటుంది కనుక, పండుగ మరునాడు పాత కాగితాల వాళ్ళకు వేయడానికీ పనికిరాదు. కాగితాన్ని గుప్పిట్లో ఉండలా నలిపి వదిలినప్పుడు ఉండలానే ఉంటే అది కాగితం. తనంతట తాను విచ్చుకుంటే ప్లాస్టిక్ కలిసినట్టు లెక్క. దుకాణంలోనే ఒక చిన్న ముక్క అడిగి ఈ పరీక్ష చేసుకోవచ్చు.

మెరుపు లేని, మందపాటి, చిన్న చిన్న డిజైను దగ్గరదగ్గరగా అచ్చయిన కాగితం అన్నిటికంటే క్షేమం. నక్షత్రాలో మంచు పలుకులో ఒత్తుగా చల్లినట్టున్న డిజైనులో అతుకు ఎక్కడ పడిందో కంటికి ఆనదు. పెద్ద పెద్ద క్రిస్మస్ తాత బొమ్మలున్న కాగితమైతే మూడు సెంటీమీటర్ల పొరపాటుకే తాతగారి తల ఒకచోట, గడ్డం మరొకచోట పడతాయి. గళ్ళ కాగితం కత్తిరించేటప్పుడు స్కేలు లేకుండానే దారి చూపుతుంది గానీ, అతికించేటప్పుడు వంకరను దాచిపెట్టదు. క్రేప్ కాగితాన్ని అలంకరణకే పరిమితం చేయాలి. చవక రకం ఎర్ర క్రేప్ కాస్త తడి తగిలినా రంగు వదులుతుంది, డిసెంబరు రాత్రి కేరల్స్ వెంట మంచులో తిరిగి వచ్చిన కానుకలో తెల్ల చొక్కా ఉంటే దాని గతి చెప్పనక్కరలేదు.

ఇక బ్రౌన్ పేపర్. బడి తెరిచే రోజుల్లో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసిన చేతులకు దీని మీద పట్టు అప్పటికే ఉంటుంది. మూలలు మడవడం, గోటితో గీటడం, మిగులు లోపలికి దోపడం అన్నీ అక్కడ నేర్చినవే. ఇది చిరగదు, మడతను పట్టి ఉంచుతుంది, తప్పు మడిచినా సరిదిద్దుకోనిస్తుంది, డిజైను కలపవలసిన బాధ లేదు. ఎర్ర రిబ్బన్ గానీ పురికొస గానీ చుట్టి, ముడిలో ఒక సరుగుడు రెమ్మ దోపితే చూడ్డానికి నిండుగా ఉంటుంది. ప్లాస్టిక్ పూత వేసిన బ్రౌన్ పేపర్ కూడా అమ్ముతారు, దాన్ని మాత్రం పుస్తకాలకే వదిలేయాలి. ఒక ఇబ్బంది ఉంది: ఆరేడేళ్ళ పిల్లలు దీన్ని చూసి కానుక అనుకోరు, పార్సిల్ అనుకుంటారు. పెద్దలకు, పుస్తకాలకు, బైబిలుకు బ్రౌన్ పేపర్. పిల్లలకు రంగుల కాగితం అన్న విభజన నాకు సబబుగా తోస్తుంది. వార్తాపత్రికతో చుట్టడం కొందరికి సరదా. సిరా చేతికి అంటుతుందన్నది ఒక లోపం కాగా, ఆదివారం అనుబంధం పేజీలు కాకుండా చేతికందిన పేజీ తీసుకుంటే పెట్టె పైభాగాన శ్రద్ధాంజలి ప్రకటన వచ్చి కూర్చునే ప్రమాదం మరొకటి.

నిలువు చుట్టా, ఏటవాలు చుట్టా?

కాగితాన్ని రెండు విధాలుగా చుట్టవచ్చు. మొదటిది అందరికీ తెలిసిన నిలువు చుట్టు. పెట్టె వెడల్పు, ఎత్తు కలిపి రెండింతలు చేసి, దానికి 3 సెంటీమీటర్లు కలిపితే కాగితం ఒక వైపు కొలత వస్తుంది. పెట్టె పొడవుకు ఎత్తులో ఒకటిన్నర రెట్లు కలిపితే రెండో వైపు కొలత. ఉదాహరణకు 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు ఉన్న పెట్టెకు 63 × 45 కాగితం చాలు, అంటే ఒక్క షీటులో సరిపోతుంది. చివర్లలో కాగితం ఎక్కువ ఉంచుకుంటే మంచిదని అనుకోవడం వల్లనే చాలా ప్యాకెట్లు చెడిపోతాయి. మిగులు కాగితం చివరి మడతల్లో పోగుపడి, ప్యాకెట్టు దిండులా లావెక్కుతుంది.

మొదటి ప్యాకెట్టు కట్టేటప్పుడు ఈ క్రమాన్ని ఓపికగా పాటించాలి. ముందు ఫ్యాను ఆపాలి. మంచం మీద కాకుండా గచ్చు మీదనో, భోజనాల బల్ల మీదనో కాగితాన్ని డిజైను కిందికి వచ్చేలా పరచి, పెట్టెను బోర్లించి నడిమధ్యన పెట్టాలి. ఒక అంచును పెట్టె మీదికి తెచ్చి టేపుతో నిలపాలి. ఎదుటి అంచును ఒక సెంటీమీటరు లోపలికి మడిచి గోటితో గట్టిగా గీటి, దాని లోపల డబుల్ సైడ్ టేపు అంటించి, బిగువుగా లాగి మొదటి అంచు మీద వేయాలి. కత్తెర వంకరగా నడిచిన గుర్తులన్నీ ఆ మడతలో దాక్కుంటాయి. ఆ తరువాత చివర్లు. కుడి ఎడమల కాగితాన్ని పెట్టె గోడకు ఆనేదాకా లోపలికి నెట్టి, మూలల దగ్గర బొటనవేలితో అదిమితే పైనొకటి కిందొకటి రెక్కల్లా మిగులుతాయి. పై రెక్కను ముందు దించి, బల్లకు ఆని ఉన్న రెక్కను చివరగా పైకి తెచ్చి అతికించాలి. పెట్టెను మళ్ళీ నిటారుగా తిప్పినప్పుడు ఆ చివరి రెక్క అంచు నేల వైపు చూస్తుంది కనుక ఎదురుగా ఉన్నవారి కంట పడదు.

రెండోది ఏటవాలు చుట్టు. చదరపు కాగితం మీద పెట్టెను కొంచెం తిప్పి, పెట్టె మూలలు కాగితం అంచుల వైపు చూసేలా పెట్టి, కాగితం నాలుగు మూలలనూ పైకి తెచ్చి నడుమ కలపడం దీని పద్ధతి. పెట్టె పైభాగం చదరంగా ఉంటే దాని కర్ణం కొలతకు ఎత్తులో ఒకటిన్నర రెట్లు కలిపితే కాగితం భుజం వస్తుంది. అన్ని వైపులా 15 సెంటీమీటర్లున్న కప్పు పెట్టెను తీసుకుంటే, నిలువు చుట్టుకు 63 × 37.5, అంటే దాదాపు 2,360 చదరపు సెంటీమీటర్ల కాగితం కావాలి. ఏటవాలు చుట్టుకు 44 × 44, అంటే 1,940 లోపే చాలు. పైగా టేపు ముక్కలు తక్కువ పడతాయి. అయితే చీర పెట్టెలా పొడవు, వెడల్పు బాగా తేడాగా ఉన్నవాటికి ఈ లాభం నిలవదు. కొలత కాస్త తగ్గినా ఒక మూల బట్టతలలా బయటపడుతుంది. డిజైనులోని బొమ్మలన్నీ ఏటవాలుగా నిలుస్తాయి. కప్పులు, కొవ్వొత్తులు, గడియారాల వంటి చదరపు పెట్టెలకు దీన్ని వాడి, మిగతావాటికి నిలువు చుట్టునే నమ్ముకోవడం నా సలహా.

టేపు, రిబ్బన్

టేపు ఎంపిక చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ప్యాకెట్టు నీటును చివరికి తేల్చేది అదే. మామూలు పారదర్శక టేపు మెరుస్తుంది కనుక మెరుపు లేని కాగితం మీద అతుకులా కనబడుతుంది. పసుపు ఛాయ వచ్చిన పాత చుట్ట అయితే మరీను. మెరుపు లేని స్కాచ్ మ్యాజిక్ టేపు 1961 నుంచీ ఉంది, కాగితం మీద ఇది దాదాపు కనిపించదు. డబుల్ సైడ్ టేపు అసలే కనిపించదు గానీ, ఒకసారి అంటిందంటే సర్దుకోనివ్వదు. లోపలి అంచుకు మామూలు టేపు, పైకి కనిపించే రెండు మూడు చోట్ల డబుల్ సైడ్ టేపు వాడితే ఖర్చూ తగ్గుతుంది, చూపూ బాగుంటుంది. వెడల్పు 12 మిల్లీమీటర్లు చాలు. ముక్కలను ముందే కత్తిరించి బల్ల అంచున వరుసగా అంటించి ఉంచుకుంటే, ఒక చేత్తో కాగితం పట్టుకుని మరో చేత్తో టేపు కొస వెతుక్కునే అవస్థ తప్పుతుంది. రిచర్డ్ డ్రూ 3ఎం సంస్థలో పారదర్శక టేపును తయారుచేసింది 1930లో. అంతకుముందు ఎక్కువగా దారంతోనే కట్టేవారు. కిరాణా కొట్టులో పొట్లం కట్టే పద్ధతిలో పురికొసను అడ్డంగా నిలువుగా బిగించి కడితే బ్రౌన్ పేపర్ ప్యాకెట్టుకు ఈనాటికీ టేపు అవసరం ఉండదు.

రిబ్బన్లలో గిరజాలు తిరిగే ప్లాస్టిక్ రకం చవక, పిల్లలకు ఇష్టం. కత్తెర అంచును దాని వెంట లాగితే చుట్టలు తిరుగుతుంది. శాటిన్ రిబ్బన్ ముడి నిండుగా వస్తుంది, మరుసటి ఏడాదికీ పనికొస్తుంది, అందుకే నేను దాని వైపే మొగ్గుతాను. కొసలు పీచు లేవకుండా ఏటవాలుగా కత్తిరించాలి. రిబ్బన్ కొలతకూ లెక్క ఉంది: పొడవు, వెడల్పుల మొత్తానికి రెండింతలు, ఎత్తుకు నాలుగింతలు, ముడికి 60 సెంటీమీటర్లు. పైన చెప్పిన 30 × 20 × 10 పెట్టెకు సరిగ్గా రెండు మీటర్లు. దుకాణంలో అంటించి ఇచ్చే రెడీమేడ్ పువ్వులు ఇంట్లోనే ఇచ్చే కానుకలకు బాగుంటాయి, దొంతరలో పెడితే నలిగిపోతాయి.

గుడ్డ ఎప్పుడు మేలు?

బంతి, బొమ్మ, స్టీలు గిన్నె, పూలకుండీ, సీసా వంటి గుండ్రని వస్తువుల మీద కాగితంతో పోరాడడం దండగ. వీటికి గుడ్డ మేలు. జపానువారు దీన్ని ఫురోషికి అంటారు. చెత్త తగ్గించే ఉపాయంగా 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కోయికే దీన్ని ప్రత్యేకంగా ప్రచారం చేశారు. మూటకట్టడం తెలిసిన మనకు ఇది కొత్త విద్య కాదు. వస్తువు పొడవుకు మూడింతలు గుడ్డ కర్ణం ఉండాలన్నది లెక్క. 45 సెంటీమీటర్ల చేతిరుమాలులో 21 సెంటీమీటర్ల వస్తువు, 70 సెంటీమీటర్ల గుడ్డలో 33 సెంటీమీటర్ల వస్తువు ఇముడుతాయి. రెండు ఎదురెదురు మూలలను వస్తువు మీదుగా వేసి, మిగిలిన రెండింటినీ పైన రెండు ముళ్ళు వేస్తే చాలు.

పెడన కలంకారీ అచ్చు గుడ్డ మీటరు లెక్కన దొరుకుతుంది. ఎరుపు, గోధుమ రంగుల్లో అది క్రిస్మస్‌కు చక్కగా నప్పుతుంది. వెడల్పు చూసుకుని చదరపు ముక్కలు చేయించి, దర్జీ చేత అంచులు కుట్టిస్తే ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. ఇంకా సులువైనది కానుకలో భాగమైన గుడ్డతోనే చుట్టడం: అమ్మాయికి ఇచ్చే గాజుల పెట్టెను చున్నీలో, తాతగారికి ఇచ్చే ఫ్లాస్కును కొత్త తువ్వాలులో. సన్నని నూలు గుడ్డ ముడిని పట్టుకుంటుంది, పట్టు జారిపోతుంది, మందపాటి టర్కీ తువ్వాలు ముడి దగ్గర బండలా లేస్తుంది. గుడ్డకు ఖరీదెక్కువ అన్న అభ్యంతరం సరైనదే, పది మంది సండే స్కూలు పిల్లలకు ఇది కుదరదు. మరో చిక్కు మన అలవాట్లలో ఉంది. స్టీలు డబ్బాలో ఏమైనా పంపితే డబ్బా తిరిగి పంపడం మర్యాద కదా, చుట్టిన గుడ్డను కూడా ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి పంపేవారు ఉంటారు. గుడ్డ కూడా మీకేనని చీటీలో రాయడం మరిచిపోకూడదు.

సంచులు, పెట్టెలు, పిండివంటలు

గిఫ్ట్ సంచిని చిన్నచూపు చూసేవారు ఉన్నారు గానీ, వేళ మించినప్పుడు దానికి సాటి లేదు. అడుగున అట్ట, పైన రెండు టిష్యూ కాగితాలు కుచ్చులుగా పెడితే ఎటువంటి ఆకారమైనా అమరుతుంది. గుడ్డ సంచిలా కనిపించే నాన్ వోవెన్ (నేయని) సంచులు నిజానికి ప్లాస్టిక్కే. 60 జీఎస్‌ఎం కంటే పలుచనివాటిని 2021 సెప్టెంబరు 30 నుంచి దేశమంతటా నిషేధించారు. కాగితపు సంచి తీసుకోవడం ఉత్తమం. మూత విడిగా వచ్చే పెట్టెకు, మూతనూ అడుగునూ వేర్వేరుగా ఒకసారి కాగితం అంటించి పెట్టుకుంటే, ఏటా రిబ్బన్ మారిస్తే సరిపోతుంది. ఒకే ఇంట్లో ఏటా మార్చుకునే కానుకలకు ఇంతకంటే పొదుపైన దారి లేదు.

కేకు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు పంచేవారు వాటిని అచ్చు కాగితం తగలకుండా చూడాలి. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టవద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనూ 2023లోనూ హెచ్చరించింది. గిఫ్ట్ పేపర్ సిరా విషయంలోనూ అదే జాగ్రత్త వర్తిస్తుంది. బటర్ పేపర్ పరిచిన గట్టి మూత డబ్బాలో సర్ది, డబ్బాకు పైన గుడ్డ కట్టడం మంచిది. కాగితం చుడితే నూనె మరక తేలుతుంది, పైగా చీమలు పట్టిందీ లేనిదీ విప్పేదాకా తెలియదు.

దూరం వెళ్ళే కానుకలు

కొరియరులో వెళ్ళే కానుకకు లోపల రంగు కాగితం, బల్లపరుపుగా అంటించిన రిబ్బన్, పైన అట్టపెట్టె, చుట్టూ నలిపిన వార్తాపత్రికలు కావాలి. చిరునామా పైపెట్టె మీద రాసినా, పేరున్న చీటీ ఒకటి లోపలి ప్యాకెట్టుకూ ఉండాలి. ఒకే ఇంటికి నాలుగు వెళ్ళినప్పుడు ఏది ఎవరిదో తెలియక అందరూ అన్నీ విప్పి చూస్తారు. ఫొటో ఫ్రేముల నాలుగు మూలలకూ మడిచిన అట్ట తొడగాలి.

పండుగకు డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు మాత్రం ఇక్కడ ప్యాక్ చేసుకోకపోవడమే మేలు. చుట్టిన కానుకలను తనిఖీ కోసం విప్పవలసి రావచ్చని అమెరికా విమానాశ్రయాల భద్రతా సంస్థ టీఎస్ఏ స్వయంగా చెబుతుంది, చుట్టకుండా తెమ్మనే సలహా ఇస్తుంది. మూత పెట్టెలు, సంచులు అయితే తెరిచి మూయవచ్చు. కాగితమే కావాలనుకుంటే నాలుగైదు షీట్లను సూట్‌కేసు అడుగున మడత పడకుండా పరిచి, మీద బట్టలు సర్దుకుని, రిబ్బన్ చుట్టను చెప్పుల్లో దూర్చి, కత్తెరను చేతి సంచిలో కాకుండా చెక్‌ఇన్ సామానులో పెట్టుకుని, అక్కడికి చేరాక చుట్టుకోవాలి.